మూసి ఉంచడానికే వేసిన బొమ్మలు

1847లో ఇంగ్లండులోని నార్విచ్ కతీడ్రల్‌లో ఓ పాత బల్లను తిరగేస్తే అడుగున ఐదు చిత్రాలు కనిపించాయి. క్రీస్తును కొరడాలతో కొట్టడం, సిలువ మోయించడం, సిలువ వేయడం, సమాధి నుంచి లేవడం, పరలోకానికి వెళ్ళడం. అన్నీ బంగారు పూత మీద వేసినవే. 14వ శతాబ్దం చివర్లో బలిపీఠం వెనక నిలబెట్టడానికి చేయించిన ఫలకం అది. మతసంస్కరణ రోజుల్లో బొమ్మల పక్కను కిందికి తిప్పి బల్ల పలకగా వాడుకున్నారు. కొలత కుదరడానికి పై అంచు కోసేశారు. అయినా ఆ వాడుకే దాన్ని కాపాడింది. లేకుంటే ఏ పొయ్యిలోకో పోయేది.

లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలోని 13వ శతాబ్దపు ఫలకం కథా ఇంతే. అంత్యక్రియల ఊరేగింపు బొమ్మలు దాచే పెట్టెకు అది కప్పుగా పడి ఉండగా 1827లో గుర్తుపట్టారు. సఫోక్‌లో థార్న్‌హామ్ పార్వా అనే చిన్న ఊరి గుడిలో ఇప్పుడున్న ఫలకం 1927లో ఓ జమీందారీ గుర్రపుశాల అటక మీద దొరికింది. గోతిక్ కాలపు రంగుల చెక్కసామాను మనదాకా వచ్చింది చాలావరకు ఇలా తన చోటు తప్పి, తన పని తప్పి. అందుకే దాన్ని చదవడంలో ఒక పొరపాటు సులువుగా దొర్లుతుంది. గోడకు వేలాడే చిత్రపటంలా చూసి, గీత ఎవరిది, శైలి ఏ ప్రాంతానిది అని మొదలుపెడతాం. చేయించినవాళ్ళకు అది పనిముట్టు. పూజలో ఏ నిమిషాన, ఏడాదిలో ఏ రోజున, ఎవరి కళ్ళ ముందు అది పనిచేసేదన్నదే వాళ్ళ లెక్క. గత అరవై ఏళ్ళుగా ఈ రంగంలో పరిశోధన ఆ లెక్క వైపే తిరిగింది. చాలావరకు సరైన దారే, కొన్ని చోట్ల మాత్రం హద్దు దాటిందని నా అభిప్రాయం.

ముందు సామగ్రి సంగతి. తెలుగు కతోలికులు ‘పూజ’ అనే దివ్యబలి చుట్టూ మధ్యయుగపు గుడిలో బోలెడంత చెక్కపని ఉండేది. బలిపీఠం ముందు భాగాన్ని కప్పే ముందు ఫలకం, వెనక నిలబెట్టే వెనుక ఫలకం, పాత్రలు దాచే అల్మరా, పూజ చేసే గురువులు కూర్చునే ఆసనాలు, గుడిని రెండుగా విడదీసే అడ్డుతెర, దివ్యసత్ప్రసాదం అనే ప్రతిష్ఠిత అప్పాన్ని ఉంచే గోపురం, వస్త్రాల పెట్టె. రాతిగోడల మధ్య వీటిలో చాలావాటికి రంగు, వీలైనచోట బంగారు రేకు. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో 1307 ప్రాంతపు ఆసనాల వెనక పలకల మీద రాజుల నిలువెత్తు బొమ్మలు ఇప్పటికీ కొన్ని మిగిలి ఉన్నాయి. గాయకులు సుదీర్ఘంగా పాడే ఘట్టాల్లో గురువూ సహాయకులూ పక్కకు వచ్చి కూర్చునే చోటు అది. కూర్చునే చోటుకు కూడా అంత వైభవం అవసరమా అని ఈనాటి పాఠకుడికి అనిపించవచ్చు. రాజుల పట్టాభిషేకం జరిగే గుడిలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

తయారీ గురించి మనకు బాగా తెలుసు. 1400 ప్రాంతంలో ఇటలీలో చెన్నీనో చెన్నీని రాసిన పుస్తకంలో వరస మొత్తం ఉంది. పోప్లర్ పలకకు తోలు జిగురు పట్టించాలి, పైన పాత నారబట్ట అంటించాలి, ముతక జిప్సం పూత, దాని మీద నెలరోజుల పాటు నీళ్ళలో నానబెట్టిన మెత్తటి పూత, గీకి నునుపు చేయాలి, ఎర్రమట్టి పూయాలి, బంగారు రేకు పరిచి రాయితోనో జంతువు కోరతోనో మెరుగు పెట్టాలి. ఆ తర్వాతే కుంచె. ఉత్తరాదిన పోప్లర్ బదులు ఓక్, జిప్సం పూత బదులు సుద్ద. నార్వేలో పైన్ చెక్క మీద, నూనె కలిపిన రంగులతో పనిచేశారు. బంగారం కొనలేని చోట వెండి రేకు పరిచి పైన పసుపు వార్నిష్ పూశారు. కొవ్వొత్తి వెలుగులో తేడా ఎవరికి తెలుస్తుంది?

వెస్ట్‌మిన్‌స్టర్ ఫలకాన్ని దగ్గర్నుంచి చూస్తే ఈ మాయ ఎంత దూరం వెళ్ళిందో తెలుస్తుంది. మూడు మీటర్లకు పైగా పొడవు, ఒక మీటరుకు కాస్త తక్కువ ఎత్తు. కంసాలి చేసిన నగలపనిలా కనిపించే ఆ చట్రంలో నగలేవీ లేవు. రంగు గాజుముక్కలు, పోతపోసిన నకిలీ చెక్కడాలు, గాజు వెనక అలంకారం వేసి మీనాపనిగా భ్రమింపజేసిన పలకలు. మధ్యలో క్రీస్తు చేతిలో చిన్న గోళం. ఆ గోళంలో, గోరంత చోటులో, చెట్లు, పక్షులు, నీళ్ళు. బలిపీఠం ముందున్న గురువుకు తప్ప అది ఎవరికీ కనపడదు. గుడి చివర నిలబడ్డవాడికి మెరుపొక్కటే అందుతుంది. ఒకే వస్తువు ఇద్దరు ప్రేక్షకులకు రెండు దూరాల్లో రెండు రకాలుగా పనిచేస్తోంది. ‘ఈ బొమ్మకు అర్థమేమిటి’ అని ఏకవచనంలో అడిగే వ్యాసాలంటే నాకు అందుకే కాస్త అనుమానం.

ఇక అసలు వాదన. బొమ్మలు బలిపీఠం ముందు నుంచి వెనక్కి ఎందుకు మారాయి? పాఠ్యపుస్తకాల్లో చాలాకాలంగా తిరుగుతున్న జవాబు ఇది: 1200 ప్రాంతంలో పారిస్ పీఠాధిపతి ఓడో ద సల్లీ, అప్పాన్ని ప్రతిష్ఠించాకే జనానికి కనపడేలా పైకెత్తాలని ఆదేశించాడు. 1215లో నాలుగో లాటెరన్ మహాసభ అప్పం ద్రాక్షారసాలు క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయన్న సిద్ధాంతాన్ని ఖరారు చేసింది. గురువు జనానికి వీపు చేసి నిలబడతాడు కాబట్టి ముందు ఫలకం ఆయన వెనక దాగిపోయింది, ఎత్తిన అప్పానికి నేపథ్యంగా వెనుక ఫలకం పుట్టింది. సియెనా ఫలకాల మీద రాసిన హెంక్ వాన్ ఓస్ ఈ వివరణకు బలం చేకూర్చాడు.

వినడానికి ఎంత బాగుందో, నిలబడడానికి అంత కష్టం. డెన్మార్కులో లిస్బెర్గ్ గుడి నుంచి వచ్చి ఇప్పుడు కోపెన్‌హాగెన్ జాతీయ మ్యూజియంలో ఉన్న బలిపీఠం సుమారు 1135 నాటిది. దానికి బంగారు పూత రాగిరేకుల ముందు ఫలకమూ ఉంది, పీఠం పైన కమానుతో అలంకారమూ ఉంది. అంటే మహాసభకు ఎనభై ఏళ్ళ ముందే రెండూ కలిసే ఉన్నాయి. మరోవైపు నార్వేలో మిగిలిన ముప్పై చిల్లర రంగుల ముందు ఫలకాలన్నీ దాదాపు 1250-1350 మధ్యవి. ‘అక్కర్లేకుండా పోయిన’ వస్తువును వందేళ్ళు ఎవరు చేయిస్తారు? థార్న్‌హామ్ పార్వా సాక్ష్యం దీనికి ఇంకాస్త బలం. 1330ల నాటి ఆ వెనుక ఫలకం థెట్‌ఫర్డ్ డొమినికన్ మఠం కోసం చేసినది. అదే బలిపీఠానికి చేసిన ముందు ఫలకం పారిస్‌లోని క్లూనీ మ్యూజియంలో ఉందని 1980లలో పరిశోధకులు తేల్చారు. ఒక పీఠానికి ముందూ వెనకా ఒకేసారి చేయించారన్నమాట. మారింది అలవాటే, అదీ ఒక్కో ప్రాంతంలో ఒక్కో వేగంతో. 2019లో మొదలైన నార్వే-కటలోనియా ఉమ్మడి ప్రదర్శన ఈ విషయాన్ని బాగా చూపించింది. పైరెనీస్ కొండల్లోనూ నార్వే తీరంలోనూ పాతకాలపు పీఠాలు బతికాయంటే అవి అక్కడ మాత్రమే చేశారని కాదు, మిగతాచోట్ల పోయాయని.

1310లో ట్రియర్‌లో జరిగిన చర్చి సభ చేసిన నియమం కూడా ఈ చర్చలో తరచూ వస్తుంది. ప్రతి బలిపీఠానికీ ముందుగానీ వెనకగానీ పైనగానీ, అది ఏ పునీతుడిదో తెలిపే బొమ్మో రాతో ఉండాలంది సభ. దీన్ని చిత్రకళకు చర్చి ఇచ్చిన ప్రోత్సాహంగా చదివేవాళ్ళున్నారు. నాకైతే బోర్డు పెట్టమన్న ఉత్తర్వులాగే వినిపిస్తుంది. పెద్ద గుడిలో ఇరవై ముప్పై బలిపీఠాలుంటే ఏది ఎవరిదో తెలియాలిగా! రాత సరిపోతుందన్నారంటే బొమ్మ తప్పనిసరి కాదని వాళ్ళే ఒప్పుకున్నట్టు. 2004లో బెత్ విలియమ్‌సన్ రాసిన వ్యాసం ఈ మాటే ఇంకా గట్టిగా చెప్పింది: పూజకు బట్ట, దీపం, సిలువ, పాత్ర, గ్రంథం కావాలి, చిత్రం కావాలని ఏ విధీ లేదు. ఒకే ఫలకం పూజవేళ ఒకలా, ఒంటరిగా మోకరిల్లిన భక్తురాలికి ఇంకోలా ఉపయోగపడింది. ఈ హెచ్చరికను తర్వాత వచ్చిన పుస్తకాలు తగినంత పట్టించుకోలేదు.

తలుపు రెక్కల ఫలకాల విషయంలో వాదన వేరు. మధ్యలో గూడు, ఇరువైపులా మడతబందుల మీద తిరిగే రెక్కలు. 1965లో హరాల్డ్ కెల్లర్ ఇవి పునీతుల అవశేషాలు దాచే అల్మరాల నుంచి పుట్టాయన్నాడు. 1982లో డొనాల్డ్ ఎరెస్‌మన్ అంత ఏకదారి వంశవృక్షాన్ని ప్రశ్నించి, పూజావిధి పాత్రను ముందుకు తెచ్చాడు. ఈ తగాదాను కాగితం మీద తేల్చడం కన్నా జర్మనీ బాల్టిక్ తీరంలోని డోబెరాన్ మఠాలయానికి వెళ్ళి చూడడం మేలు. గోతిక్ చెక్కసామాను ఇంత నిండుగా, తన చోటనే మిగిలిన గుడులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

డోబెరాన్ సిస్టర్షియన్ సన్యాసులది. ఇప్పుడున్న గుడిని 1368లో ప్రతిష్ఠించారు. ప్రధాన పీఠం మీది ఫలకం 1300 ప్రాంతపుది, మనకు మిగిలిన రెక్కల ఫలకాల్లో అతి పాతవాటిలో ఒకటి. క్రీస్తు జీవిత ఘట్టాలకు కింద, వాటికి సూచనలుగా పాత నిబంధన ఘట్టాలు. మధ్యభాగంలో అవశేషాలకు గూళ్ళు. ఇంతవరకు కెల్లర్ గెలిచినట్టే. పక్కన, అదే కాలపు పాత్రల అల్మరా ఉంది. దాని తలుపు రెక్కల లోపలి పక్క ఒకదాని మీద గొర్రెపిల్లను అర్పిస్తున్న హేబెలు, రెండోదాని మీద పాత్ర పట్టుకున్న పురోహితుడు మెల్కీసెదెకు. బయటి జనానికి ఈ బొమ్మలతో పనిలేదు. పూజకు ముందు పాత్ర తీయడానికి అల్మరా తెరిచిన సన్యాసికే అవి ఎదురవుతాయి. తన చేతిలోకి వచ్చే పాత్రను బొమ్మలోని పురోహితుడు అప్పటికే పట్టుకుని ఉంటాడు. తెరిచే క్షణం కోసమే, తెరిచే మనిషి కోసమే వేసిన బొమ్మ ఇది. రెక్కల ఫలకానికీ ఈ అల్మరాకూ మధ్య దూరం పెద్దగా లేదు. తెరవడం మూయడం అన్న ఆలోచన అవశేషాల దగ్గరా, పాత్రల దగ్గరా, దివ్యసత్ప్రసాదం దగ్గరా ఒకేసారి తిరుగుతోంది. ఏది తల్లి ఏది బిడ్డ అని నిలదీయడం దండగ.

డోబెరాన్‌లోనే పదకొండున్నర మీటర్ల ఓక్ ప్రసాద గోపురం ఉంది, జర్మనీలో ఇలాంటివాటిలో అతి పాతదిగా చెబుతారు. గుడి నడుమ, సన్యాసుల భాగానికీ పనులు చేసే మఠ సోదరుల భాగానికీ సరిహద్దులో, సుమారు పదిహేను మీటర్ల ఎత్తున రెండు ముఖాల సిలువ నిలబడి ఉంటుంది. సోదరులున్న పడమటి పక్క క్రీస్తు, సన్యాసులున్న తూర్పు పక్క మరియమాత. ఒక చెక్కపని, రెండు సభలు. ఇటలీలో సియెనా కతీడ్రల్ కోసం చిత్రకారుడు దూచ్చో 1308-1311 మధ్య చేసిన మహాఫలకానికీ ఇదే లక్షణం: జనం వైపు సింహాసనం మీద మరియమాత, వెనక, గురువుల వైపు, క్రీస్తు శ్రమల కథ. 1771లో దాన్ని విడగొట్టి పలకలు చెదరగొట్టాక, ముందేదో వెనకేదో తెలియని ముక్కలు ఊరూరి మ్యూజియంలకు చేరాయి.

ఎప్పుడు తెరిచేవారు? జర్మన్ కళాచరిత్రలో పనిదినం పక్క, ఆదివారం పక్క, పండుగ పక్క అనే మాటలు స్థిరపడ్డాయి. సౌకర్యమైన మాటలే గానీ అన్ని గుళ్ళలో ఒకే గడియారం నడిచిందన్న భ్రమ కలిగిస్తాయి. నిజం తెలుసుకోవాలంటే గుడి తాళాలు చేతిలో ఉన్నవాడిని అడగాలి. అదృష్టం కొద్దీ న్యూరెంబెర్గ్‌లో అలాంటివాళ్ళ విధుల పుస్తకాలు మిగిలాయి: సెబాల్డ్ గుడిది 1482, లోరెంజ్ గుడిది 1493. ఏ పండుగకు ఏ పీఠం తెరవాలి, ఎన్ని కొవ్వొత్తులు, ఏ బట్ట, ఏ గంట అన్నదంతా వాటిలో ఉంటుంది. అందులో సిద్ధాంతం వెతికితే దొరకదు. పొద్దున్నే లేచి గడియ తీయాల్సిన మనిషికి రాసిన జాబితా అది. ఒక్కో పీఠానికి తన పునీతుడి పండుగ, ప్రతిష్ఠ జరిగిన రోజు, దాత కుటుంబం కోరిన రోజు వేరు. ఏడాదిలో ఎక్కువ రోజులు చాలా ఫలకాలు మూసే ఉండేవి.

దీన్ని బట్టి చూస్తే హాంబుర్గ్ పెత్రి గుడికి మైస్టర్ బెర్ట్రామ్ 1379-83లో చేసిన ఫలకం పొదుపు అర్థమవుతుంది. రెండు జతల రెక్కలు. మొదటి జత తెరిస్తే సృష్టి నుంచి ఐగుప్తుకు పారిపోవడం దాకా 24 చిత్రాలు. రెండో జతా తెరిస్తే బంగారు పూత శిల్పాల వరసలు. రోజుల స్థాయి పెరిగేకొద్దీ చిత్రం నుంచి శిల్పానికి, రంగు నుంచి బంగారానికి. 18వ శతాబ్దంలో దీన్ని గ్రాబోవ్ అనే చిన్న ఊరికి ఇచ్చేశారు, 1903లో మళ్ళీ హాంబుర్గ్ మ్యూజియానికి వచ్చింది. గ్రూనెవాల్డ్ 1512-16 మధ్య ఐసెన్‌హైమ్‌లో ఆంథోనీ సన్యాసుల ఆస్పత్రి గుడికి వేసిన ఫలకానికీ ఇలాగే మూడు దశలున్నాయి. ఒళ్ళంతా పుళ్ళతో ఉన్న క్రీస్తు మూసి ఉన్నప్పుడు కనిపించే బొమ్మ. పాడైన రై గింజల వల్ల ఒళ్ళు కాలిపోయే జబ్బుతో వచ్చిన రోగులు మామూలు రోజుల్లో చూసింది దాన్నే. లోపలి ఉత్థాన చిత్రపు వెలుగు పండుగలకు. ఈ క్రమం తెలియకుండా అతని క్రీస్తు భయంకరత గురించి పేజీలు నింపినవాళ్ళు ఉన్నారు.

మూయడంతో సరిపెట్టలేదు, కప్పేశారు కూడా. 13వ శతాబ్దపు విధిగ్రంథకర్త దురాండుస్, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో బొమ్మలను, పీఠాన్ని తెరలతో మూసే పద్ధతిని వివరించాడు. పీఠానికీ జనానికీ మధ్య పెద్ద తెర వేలాడదీసి, పవిత్ర వారంలో బుధవారం నాడు, శ్రమల పఠనంలో దేవాలయపు తెర చిరిగిందన్న మాట రాగానే కింద పడేసే ఆచారం ఇంగ్లండులో ఉండేది. మధ్య యూరప్‌లో ఆ తెరకే బొమ్మలు వేశారు. ఆస్ట్రియాలోని గుర్క్ కతీడ్రల్ తెరను 1458లో కొన్రాద్ అనే చిత్రకారుడు 99 ఘట్టాలతో చేశాడు. చూపును ఉపవాసం ఉంచడానికి పుట్టిన తెర మీద 99 చిత్రాలు! ఈ వైరుధ్యం గురించి ఆనాటివాళ్ళెవరూ బాధపడినట్టు లేదు. జర్మనీలో జిట్టావు తెర 1472 నాటిది, ఎనిమిది మీటర్లకు పైగా ఎత్తు, 90 ఘట్టాలు. 1945లో సోవియట్ సైనికులు దాన్ని ముక్కలు చేసి అడవిలో ఆవిరిస్నానపు గది లోపల చుట్టారు. 1990లలో స్విట్జర్లాండులోని అబెగ్ సంస్థ బాగుచేసి ఇచ్చింది. రంగు చాలా చోట్ల కడిగేసినట్టు పోయింది.

కదిలే బొమ్మలది ఇంకో లోకం. మూలవిరాట్టు గర్భగుడిలో ఉంటే ఉత్సవమూర్తి వీధిలోకి వచ్చినట్టు, ఫలకం పీఠం మీద ఉండగానే మట్టల ఆదివారం నాడు గాడిద మీద కూర్చున్న చెక్క క్రీస్తును చక్రాల పీట మీద ఊరేగించేవారు. గుడ్ ఫ్రైడేకి భుజాల దగ్గర కీళ్ళున్న క్రీస్తు బొమ్మను సిలువ నుంచి దించి చేతులు మడిచి సమాధిలో పెట్టేవారు. హంగరీలో ఎస్తెర్గోమ్ మ్యూజియంలో 1480 ప్రాంతపు రథంలాంటి సమాధి ఉంది, చక్రాలతో సహా. వీటి మీద యోహాన్నెస్ ట్రిప్స్ వంటివాళ్ళు చేసిన పని ఈ రంగాన్ని మార్చేసింది. అయితే నాటకీయంగా ఉండేసరికి పరిశోధకుల మోజంతా వీటి మీదికి పోయింది. ఏడాదికి ఒకరోజు కదిలే గాడిద గురించి రాసినంత, రోజూ కళ్ళముందుండే ముందు ఫలకం గురించి రాయడం లేదు.

ఇంగ్లండు విచారణ (పారిష్) గుళ్ళలో మిగిలింది ముఖ్యంగా అడ్డుతెరలు. నార్ఫోక్‌లో రాన్‌వర్త్, బార్టన్ టర్ఫ్ గుళ్ళవి 15వ శతాబ్దపు పనిలో మేటివి. బార్టన్ టర్ఫ్‌లో దేవదూతల తొమ్మిది గణాలు వరసగా నిలబడతాయి. ఇలాంటి తెరల కింది పలకల్లో కొన్నిచోట్ల, పునీతుల బొమ్మల మధ్యే, నాణెమంత రంధ్రాలు తొలిచి ఉంటాయి. మోకాళ్ళ మీదున్న మనిషి కంటి ఎత్తున. గంట మోగగానే గురువు ఎత్తిన అప్పాన్ని చూడడానికి జనం చేసుకున్న ఏర్పాటని సాధారణంగా చెబుతారు. పరిశోధకులు చెప్పే సూక్ష్మమైన వ్యాఖ్యానాలన్నిటికన్నా నాకు ఈ బొక్కలే ఎక్కువ నమ్మకంగా మాట్లాడతాయి: జనం చూడాలనుకున్నది బొమ్మను దాటి ఉంది, అవసరమైతే బొమ్మల పలకకే కన్నం పెట్టారు. 1540ల తర్వాత అవే పునీతుల ముఖాలు చాలాచోట్ల గీకేశారు. ఎసెక్స్‌లో న్యూపోర్ట్ గుడి పెట్టె మాత్రం తప్పించుకుంది. 13వ శతాబ్దపు ఆ పెట్టె మూత లోపల సిలువ ఘట్టం, ఇరువైపులా మరియమాత, యోహాను, పేతురు, పౌలు. మూత ఎత్తి నిలబెడితే చిన్న బలిపీఠపు వెనుక ఫలకం తయారు. మూసేస్తే మామూలు ఇనుప పట్టీల పెట్టె.

మిగలడం గురించి ఓ మాట. బొమ్మలను పగలగొట్టింది ప్రొటెస్టంట్లు, కాపాడింది కతోలికులు అన్న సులువు లెక్క ఇక్కడ తప్పుతుంది. సంస్కర్త జ్విన్‌గ్లీ నడిపిన జూరిక్‌లోనూ, ఇంగ్లండులోనూ, నెదర్లాండ్స్‌లోనూ విధ్వంసం నిజమే. లూథరన్ ప్రాంతాల్లో మాత్రం పాత ఫలకాలు అక్కడే ఉండిపోయాయి. పూజ మారింది, సామాను తీయలేదు. డోబెరాన్ మఠం 1552లో రద్దయినా గుడి మిగిలింది. పక్కనే కతోలిక బవేరియా, ఆస్ట్రియాల్లో డబ్బున్న గుళ్ళు గోతిక్ ఫలకాలు తీసేసి బరోక్ పీఠాలు కట్టుకున్నాయి. 1997లో జర్మనీలో దీని మీదే ఓ వ్యాస సంకలనం వచ్చింది, లూథరన్ మతపు సంరక్షక శక్తి గురించి. మన దగ్గర ఎక్కువగా దొరికే సామాను ఎక్కువగా చేసిన చోటుది కాకపోవచ్చునన్న జాగ్రత్త ప్రతి వ్యాసానికీ మొదటి పేరాలో ఉండాలి.

చివరికి మ్యూజియంలు. వాటికి ఒక ఇబ్బంది ఉంది, టికెట్టు కొన్నవాడికి అన్ని పక్కలూ చూపించాలి. కోల్మార్‌లోని ఉంటర్‌లిండెన్ మ్యూజియం ఐసెన్‌హైమ్ ఫలకాన్ని విడదీసి వరసగా నిలబెట్టి, ఎలా తెరుచుకునేదో చెప్పడానికి పక్కన చిన్న నమూనాలు పెట్టింది. అంతవరకు మర్యాదే. 1432 నాటి గెంట్ ఫలకం రెక్కలు బెర్లిన్ చేతిలో ఉన్నప్పుడు ముందూ వెనకా ఒకేసారి చూపించాలని 1894లో వాటిని మందం వెంట రెండుగా కోయించారు. నార్విచ్‌లో బల్ల చేసుకున్నవాళ్ళది మోటు రంపం, బెర్లిన్‌ది శాస్త్రీయమైన రంపం. రెక్క వెనక గుర్తులు, మడతబందుల పాత మేకు రంధ్రాలు, చట్రం అంచు ఏ వైపు ఎంత అరిగిందన్న వివరాలు, ఇవన్నీ మూయడం తెరవడం గురించి రాతల్లో లేని సాక్ష్యాలు. డోబెరాన్‌లో అవి చోటు తప్పలేదు కాబట్టి అక్కడి పూజావిధి గురించి ధైర్యంగా మాట్లాడవచ్చు. గోడ మీది ఒంటరి పలకను చూపించి ఇది ఫలానా ఘట్టంలో ఫలానా పని చేసిందని రాసేవాళ్ళు, ముందు దాన్ని గోడ నుంచి దించి అంచులు చూపించాలి.